2.0 టర్బోకి మాన్యువలా, డ్యూయల్ క్లచ్చా, టార్క్ కన్వర్టరా? (స్టేజ్ 1 ఆలోచన ఉన్నవాళ్లకి)

వేగుచుక్క
2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 245 హార్స్‌పవర్, 370 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం). ఇదే ఇంజిన్‌కి 6 గేర్ల మాన్యువల్ ఉంది, 7 గేర్ల వెట్ డ్యూయల్ క్లచ్ (నూనెలో తడిసే రెండు క్లచ్‌లున్న ఆటో) కూడా ఉంది. దీనికి పోటీగా ఉన్న ఇంకో కారులో 8 గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా అందించే ఆటో) ఇస్తున్నారు. వాడకం ఎక్కువగా ట్రాఫిక్‌లోనే, రెండు నెలలకోసారి ట్రాక్. వారంటీ అయిపోయాక స్టేజ్ 1, అంటే టర్బో మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ మ్యాప్ (సెట్టింగులు) మార్చి టార్క్‌ని 440 నుంచి 460 ఎన్‌ఎం వరకు పెంచడం. "మజా కావాలంటే మాన్యువల్, సుఖం కావాలంటే ఆటో" అన్నది అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. టర్బో ఉండటం వల్ల గేర్‌బాక్స్ విషయంలో ఏం మారుతుంది, ఏది ఎక్కడ పాడవుతుంది, ఎందుకు పాడవుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గేర్‌శాస్త్రి
మంచి ప్రశ్న అండి. టర్బో లేని ఇంజిన్‌లో పెడల్ మళ్లీ తొక్కగానే టార్క్ వచ్చేస్తుంది. కాబట్టి గేరు మార్చడానికి అర సెకను పట్టినా పోయేది ఆ అర సెకనే. టర్బోలో అలా కాదు. ఎగ్జాస్ట్ టర్బైన్‌ని తిప్పితే, అది కంప్రెసర్‌ని తిప్పి ఇంజిన్‌లోకి గాలిని నెడుతుంది.

మాన్యువల్‌లో గేరు మార్చాలంటే కాలు ఎత్తాలి. త్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే తలుపు) మూసుకుంటుంది. కంప్రెసర్ ఇంకా గాలిని నెడుతూనే ఉంటుంది కాబట్టి బైపాస్ వాల్వ్ తెరుచుకుని, ఆ గాలిని వెనక్కి ఇన్‌టేక్‌లోకి వదిలేస్తుంది. అదే సమయంలో ఎగ్జాస్ట్ తగ్గిపోయి టర్బైన్ వేగం పడిపోతుంది. మళ్లీ తొక్కినప్పుడు టర్బైన్ వేగం అందుకోవాలి, ఇంటర్‌కూలర్, దాని పైపులు మళ్లీ ఒత్తిడితో నిండాలి. చేతి వేగం ఎంతున్నా ఈ రెండో ఆలస్యం ఉంటుంది.

డ్యూయల్ క్లచ్‌లో తర్వాతి గేరు ముందే పడి ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది. ఆ క్షణంలో టార్క్ తగ్గించాలంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) త్రాటిల్ మూయదు, స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది. ఇంధనం ఆలస్యంగా మండటంతో వేడి పిస్టన్ మీద కంటే ఎగ్జాస్ట్‌లోకే ఎక్కువ పోతుంది. దాంతో టర్బైన్ వేగం పడిపోదు, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) దాదాపు నిలబడే ఉంటుంది. గేరు మారేటప్పుడు వినిపించే ఆ "టప్" శబ్దం ఇక్కడిదే.

పోర్షే 1980లలో 956, 962 రేసు కార్లలో పీడీకే అనే తన డ్యూయల్ క్లచ్‌ని పరీక్షించింది ఇందుకోసమే. 1986లో పీడీకే ఉన్న 962 మోంజాలో గెలిచింది కూడా. రోడ్డు కార్లలో డ్యూయల్ క్లచ్ మొదట వచ్చింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో. ఆ ఇంజిన్‌కి టర్బో లేకపోవడం విశేషం.

మూడోపెడల్
శాస్త్రి గారు చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ అది ఫుల్ త్రాటిల్ మీద పై గేరు వేసే సందర్భానికే. ట్రాక్ మీద ఒక ల్యాప్‌లో అలాంటివి కొన్నే ఉంటాయి. మిగతా సమయమంతా బ్రేకు, మలుపు, మలుపులోంచి బయటపడటం. అక్కడ బూస్ట్ ఎప్పుడు వస్తుందో ముందే తెలిసి ఉండటం ముఖ్యం. మలుపు మధ్యలో గేర్‌బాక్స్ తనంతట తాను కింది గేరు వేస్తే టార్క్ ఒక్కసారిగా వచ్చి పడి చక్రాలు పట్టు తప్పుతాయి. మాన్యువల్ మోడ్‌లో పెట్టినా చాలా కార్లలో పెడల్ అడుగున కిక్‌డౌన్ స్విచ్ ఉంటుంది, దాన్ని దాటి తొక్కితే గేరు దిగిపోతుంది. ఆ మెట్టు ఎక్కడ తగులుతుందో కాలికి తెలిసి ఉండాలి.

మాన్యువల్‌కి బూస్ట్ నిలబెట్టే దారి కూడా ఉంది, నో లిఫ్ట్ షిఫ్ట్. పెడల్ తొక్కి ఉండగానే క్లచ్ స్విచ్ చూసి ఈసీయూ ఇంజిన్‌ని క్షణంపాటు కట్ చేస్తుంది.

గేర్‌శాస్త్రి
నో లిఫ్ట్ షిఫ్ట్ గురించి రెండు జాగ్రత్తలు. ఒకటి, క్లచ్ స్విచ్ సరైన చోట పనిచేయాలి. క్లచ్ పూర్తిగా విడవకముందే కట్ ఆగిపోతే సింక్రోలు (గేర్ల వేగాలు కలిపే రింగులు) అరిగిపోతాయి, క్లచ్ మీద ఫేసింగ్ (పట్టునిచ్చే పొర) కాలుతుంది. రెండు, కట్ ఎలా చేస్తున్నారన్నది. స్పార్క్ మాత్రమే ఆపి ఇంధనం ఆపకపోతే మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టు కరిగి ముక్కలైతే ఎగ్జాస్ట్ మూసుకుపోతుంది. రోడ్డు కారులో దీన్ని రోజూ వాడే అలవాటు వద్దు.

లాగ్‌ఫైల్
గేరు మారాక ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎక్కడ పడుతుందన్నది ఎవరూ ఎత్తలేదు. టర్బోకి అది చాలా ముఖ్యం.

జడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటో 8హెచ్‌పీ గేర్ నిష్పత్తులు చూడండి: రెండో గేరు 3.143, మూడోది 2.106, నాలుగోది 1.667, అయిదోది 1.285. రెండులో 6,500 దాకా లాగి మూడు వేస్తే 4,355 దగ్గర పడుతుంది. మూడు నుంచి నాలుగుకి 5,145. నాలుగు నుంచి అయిదుకి 5,010. మొత్తం బూస్ట్ నిండి ఉన్న చోటే.

మాన్యువల్‌లో మొదటి గేరు 3.5, రెండోది 2.0 అనుకోండి. 6,500 నుంచి 3,700కి దిగుతుంది. చిన్న టర్బో అయితే 3,700 దగ్గర ఇబ్బంది లేదు, అప్పటికే పూర్తి బూస్ట్ ఉంటుంది. పెద్ద టర్బో వేసి బూస్ట్ 4,000 తర్వాత మొదలయ్యేలా చేస్తే మాత్రం ప్రతి గేరుకీ ఓ గుంతలో పడి లేచినట్టుంటుంది. టర్బో ఎంత పెద్దదైతే గేర్లు అంత దగ్గరగా ఉండాలి. స్టేజ్ 1లో టర్బో మారదు కాబట్టి వేగుచుక్కకి ఇది పెద్ద సమస్య కాదు.

అదే లెక్కతో మాన్యువల్‌లోని అసలు ప్రమాదం కూడా చూడండి. ఇంకో మాన్యువల్‌లో మూడో గేరు 1.37, రెండోది 2.09 అనుకోండి. మూడులో 6,500 దగ్గర నాలుగు వేయబోయి పొరపాటున రెండు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ 9,900 దాటుతుంది. రెవ్ లిమిటర్ ఇంధనాన్నే ఆపగలదు, చక్రాలు ఇంజిన్‌ని తిప్పడాన్ని ఆపలేదు. వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. డ్యూయల్ క్లచ్‌లోగానీ ఆటోలోగానీ ఆ గేరు అడిగినా ఇవ్వదు.

కొత్తచక్రం
చిన్న సందేహం అన్నా. మాన్యువల్‌కి బైపాస్ వాల్వ్ బదులు గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ వేయొచ్చా? శబ్దం కోసం.

నూనెమరక
మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారైతే వద్దు. సెన్సర్ లెక్కపెట్టిన గాలిని నువ్వు బయటికి వదిలేస్తావు, ఈసీయూ మాత్రం దానికి సరిపడా పెట్రోల్ పోస్తుంది. ప్రతి గేరు మార్పుకీ మిశ్రమం చిక్కబడి ఇంజిన్ తడబడుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఒరిజినల్‌ది గాలిని వెనక్కి ఇన్‌టేక్‌లోకే పంపుతుంది, దాన్నే ఉంచు. దానిలో రబ్బరు డయాఫ్రమ్ ఉంటే చిరిగిందేమో మాత్రం చూసుకో. చిరిగితే బూస్ట్ కారిపోతూ, టర్బో ల్యాగ్ (బూస్ట్ రావడంలో ఆలస్యం) పెరిగినట్టు అనిపిస్తుంది. అప్పుడు జనం గేర్‌బాక్స్‌ని అనుమానిస్తారు.

నూనెమరక
ఇక అసలు ప్రశ్నకి. 370 నుంచి 450 ఎన్‌ఎంకి వెళ్తే మాన్యువల్‌లో ముందు చేతులెత్తేది క్లచ్. గేర్లు కాదు. టర్బో మ్యాప్‌లో టార్క్ 2,000 దాటగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది, పై గేర్లలో బండి బరువంతా ఎదురు ఉంటుంది. అందుకే జారడం మొదట అయిదు, ఆరు గేర్లలోనే తెలుస్తుంది.

పరీక్ష ఇలా. మూసి ఉన్న రోడ్డుగానీ ట్రాక్‌గానీ ఉండాలి. అయిదో గేరులో 2,000 దగ్గర నిలకడగా పోతూ పెడల్ పూర్తిగా తొక్కండి. బూస్ట్ నిండేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు 300–500 పైకి ఎగిరి, వేగం దానితో కలిసి పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఒకసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ చేస్తే ఫేసింగ్ గాజులా నున్నబడి ఉన్న పట్టు కూడా పోతుంది.

లాగ్‌ఫైల్
కంటితో చూడటం కంటే రికార్డు చేసిన అంకెలు (డేటా లాగ్) నయం. ఆర్‌పీఎంని వేగంతో భాగించండి. ఒకే గేరులో ఆ సంఖ్య మారకూడదు. అయిదో గేరులో 100 కిలోమీటర్ల దగ్గర 2,500 ఉంటే 25 వస్తుంది. బూస్ట్ నిండినప్పుడు అది 27 అయ్యి మళ్లీ 25కి దిగితే జారింది. డ్యూయల్ క్లచ్‌కీ ఇదే పరీక్ష పనిచేస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో లాకప్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా కలిపే క్లచ్) పడ్డాకే చూడాలి, అంతకు ముందు తేడా ఉండటం సహజం.

నూనెమరక
క్లచ్ మార్చాల్సి వస్తే సగం పని చేసి వదలొద్దు. గేర్‌బాక్స్ దింపడమే అసలు శ్రమ. దించాక ప్రెషర్ ప్లేట్, డిస్క్, రిలీజ్ బేరింగ్ మారాలి. లోపలే ఉండే స్లేవ్ సిలిండర్ రకమైతే అదీ మారాలి, లేకపోతే ఆరు నెలలకి అది కారి కొత్త డిస్క్‌ని తడిపేస్తుంది. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే, సాగేలా బిగించే రకం కాబట్టి పాతవి మళ్లీ వాడకూడదు. క్రాంక్ వెనక సీల్ చుట్టూ నూనె తడి ఉందేమో చూడండి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ని (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల ఫ్లైవీల్) చేత్తో అటూ ఇటూ తిప్పి ఆట ఎంతుందో, అంచు పట్టుకుని ఊపితే ఎంత వాలుతుందో కంపెనీ కొలతతో పోల్చాలి. హైడ్రాలిక్ లైన్‌లో డాట్ 4 కొత్తది పోసి గాలి తీయాలి.

450 ఎన్‌ఎంకి ఆర్గానిక్ ఫేసింగ్‌తో, గట్టి ప్రెషర్ ప్లేట్ ఉన్న సెట్టు సరిపోతుంది. సిరామిక్ ముక్కల రకం ట్రాఫిక్‌లో వేసుకోకండి. పట్టుకుంటే పట్టుకుంది, లేకపోతే లేదు, మధ్యలో మెత్తగా కదలనివ్వదు. సింగిల్ మాస్ ఫ్లైవీల్ తేలిక, గట్టిది కూడా. కానీ న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది, కొన్ని ఇంజిన్లలో ఆ అదురుని నాక్ సెన్సర్ డిటొనేషన్ (నాక్, అంటే ఇంధనం అదుపు తప్పి మండటం) అనుకుని స్పార్క్ వెనక్కి లాగుతుంది. పవర్ కోసం వేసింది పవర్‌నే తినేస్తుంది.

కొత్త క్లచ్ వేశాక 500 నుంచి 800 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో మామూలుగా నడపండి, పూర్తి బూస్ట్ వద్దు. హైవే మీద ఒకే గేరులో పోయిన కిలోమీటర్లు లెక్కలోకి రావు. క్లచ్ ఎన్నిసార్లు పట్టి వదిలిందన్నదే లెక్క.

వేగుచుక్క
చాలా థాంక్స్ అండి. అంటే మాన్యువల్ తీసుకుంటే స్టేజ్ 1 ఖర్చులో క్లచ్ కూడా కలుపుకోవాలి. డ్యూయల్ క్లచ్ సంగతేంటి? 450 తట్టుకుంటుందా?

గేర్‌శాస్త్రి
ఏ బాక్స్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలో చూస్తే డీక్యూ200 పొడి క్లచ్, 7 గేర్లు, 250 ఎన్‌ఎం వరకే. డీక్యూ250 నూనెలో తడిసే క్లచ్, 6 గేర్లు, 350 స్థాయి. డీక్యూ381కి 7 గేర్లు, 420 స్థాయి. డీక్యూ500 అయితే 600. బయటికి అన్నింటి పేరూ డీఎస్‌జీయే. కొనేముందు లోపలున్నది ఏదో కోడ్ చూసి నిర్ధారించుకోండి.

అంకెలకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఈసీయూ చెప్పే టార్క్ అంకెను నమ్మి క్లచ్ ఒత్తిడిని నిర్ణయిస్తుంది. ఈసీయూ మ్యాప్ మాత్రమే మార్చి, లోపల అంకెని 370గానే చూపిస్తే గేర్‌బాక్స్ 370కి సరిపడా ఒత్తిడే పెడుతుంది, అవతల ఇంజిన్ 450 ఇస్తుంటుంది. క్లచ్ ప్లేట్లు కొద్దికొద్దిగా జారి నూనెని కాల్చేస్తాయి. నిజమైన అంకె చూపిస్తే టీసీయూలో (గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో) ఉన్న హద్దు అడ్డొచ్చి టార్క్‌ని కోసేస్తుంది, "మ్యాప్ చేయించినా తేడా లేదు" అంటారు. కాబట్టి ఈసీయూ, టీసీయూ రెండూ కలిపి మార్చాలి. ఒకటే మారుస్తానన్న ట్యూనర్ దగ్గరికి వెళ్లకండి.

నూనెమరక
సర్వీస్ కూడా చెప్తాను. డీక్యూ250కి నూనె, ఫిల్టర్ 60,000 కిలోమీటర్లకి. ట్రాక్‌కి వెళ్తే 40,000కే మార్చేయండి. డ్రెయిన్ బోల్ట్ విప్పితే కొంచెమే కారి ఆగిపోతుంది, అయిపోయిందనుకోకూడదు. లోపల ఒక ప్లాస్టిక్ ఓవర్‌ఫ్లో గొట్టం ఉంటుంది, దాన్ని కూడా విప్పితేనే మిగతాది దిగుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు గట్టిగా బిగిస్తే విరుగుతుంది. ఐదు లీటర్ల పైచిలుకు పోసి, ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి తిప్పి, నూనె 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఎక్కువ పోస్తారు, వేడెక్కాక చూస్తే తక్కువ. ఉష్ణోగ్రత స్కానర్‌లో చూడాల్సిందే, చేత్తో తాకి చెప్పలేం.

ట్రాఫిక్‌లో పాడయ్యేది పాకడం వల్ల. ముందు కారు అడుగు కదిలితే మీరూ అడుగు కదిలితే, క్లచ్ మొత్తం సగం పట్టులోనే ఉంటుంది. కొంచెం ఖాళీ ఏర్పడనిచ్చి ఒక్కసారి కదలండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు తొక్కండి. పొడి క్లచ్‌కి ఇది ప్రాణాంతకం. తడి క్లచ్‌లో వేడిని నూనె మోసుకుపోతుంది కాబట్టి కొంత నయం, కానీ ఆ వేడంతా నూనె ఆయుష్షులోంచే పోతుంది.

కన్వర్టర్‌భక్త
ఇంతసేపూ 8 గేర్ల ఆటోని పక్కన పెట్టేశారు. "టార్క్ కన్వర్టర్ అంటే పాత ఆటో" అన్న అభిప్రాయం ఇంకా పోలేదు.

8హెచ్‌పీ 2009లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చింది. నాలుగు ప్లానెటరీ సెట్లు, అయిదు షిఫ్ట్ ఎలిమెంట్లు (గేర్లని పట్టే క్లచ్‌లు, బ్రేకులు). ఏ గేరులోనైనా మూడు పట్టుకుని ఉంటాయి, రెండే వదిలి ఉంటాయి. అందుకే లోపల ఈడ్చుకునే నష్టం తక్కువ. కదలగానే లాకప్ పడిపోతుంది, ఆ తర్వాత నూనెలో జారడం దాదాపు ఉండదు. బీఎండబ్ల్యూ ఎం5 ఎఫ్10లో డ్యూయల్ క్లచ్ ఉండేది, 2017లో వచ్చిన ఎఫ్90లో టార్క్ కన్వర్టర్ పెట్టారు. జీ80 ఎం3లో మాన్యువల్‌కి 550 ఎన్‌ఎం, ఆటో ఉన్న కాంపిటిషన్‌కి 650. వంద ఎన్‌ఎం ఎక్కువ ఏ బాక్స్‌కి అప్పగించారో చూడండి. టయోటా కూడా జీఆర్ యారిస్‌ని మాన్యువల్‌తోనే మొదలుపెట్టి, 2024లో 8 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటో చేర్చింది.

టర్బోకి కన్వర్టర్ చేసే మేలు ఇంకెవరూ చేయలేరు. బండి నిలబడి ఉండగానే ఇంజిన్ మీద బరువు పెట్టగలదు. ఎడమకాలితో బ్రేకు, కుడికాలితో యాక్సిలరేటర్. ఇంజిన్ కన్వర్టర్‌తో పోరాడుతూ ఎగ్జాస్ట్ పుట్టిస్తుంది, బూస్ట్ ముందే నిండుతుంది. బ్రేకు వదలగానే కన్వర్టర్ టార్క్‌ని దాదాపు రెట్టింపు చేసి పంపుతుంది. మాన్యువల్‌లో నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్‌కి ఏ బరువూ ఉండదు, ఎంత రేజ్ చేసినా బూస్ట్ రాదు. దానికోసమే స్పార్క్ వెనక్కి లాగే టూ స్టెప్ (నిలబడి ఉండగా ఆర్‌పీఎంని పట్టి ఉంచే ఏర్పాటు) పెడతారు, అది టర్బైన్‌ని, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని కాలుస్తుంది.

ఒక హెచ్చరిక: బ్రేకు మీద అలా 3 సెకన్లకి మించి ఉంచకండి. ఆ శక్తంతా కన్వర్టర్‌లోని కొద్దిపాటి నూనెలోకే వేడిగా పోతుంది. 120 డిగ్రీలు దాటి నూనె ఎక్కువసేపు ఉంటే దాని గుణం త్వరగా పడిపోతుంది.

నూనెమరక
భక్త గారూ, దాని సర్వీస్ కూడా చెప్పాలి. కార్ల కంపెనీలు చాలావరకు "జీవితకాలం నూనె" అంటాయి. బాక్స్ తయారుచేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి మార్చమంటుంది. నేను తయారీదారు మాటే పట్టుకుంటాను. ప్లాస్టిక్ పాన్, ఫిల్టర్ కలిసే ఉంటాయి, రెండూ ఒకేసారి మారతాయి. పాన్ బోల్టులు కొత్తవి వేయాలి, వరుస క్రమంలో బిగించాలి. నింపి, ఇంజిన్ నడుపుతూ గేర్లు తిప్పి, 30 నుంచి 50 డిగ్రీల మధ్య లెవెల్ చూసుకోవాలి. వైరింగ్ కనెక్టర్ దూరే స్లీవ్ సీల్ కారుతుంటుంది, పాన్ దించినప్పుడే అదీ మార్చేయండి.

మూడోపెడల్
ఒప్పుకుంటాను, అంకెల్లో ఆటోదే పైచేయి. అయినా సివిక్ టైప్ ఆర్‌ని హోండా ఈ రోజుకీ మాన్యువల్‌లోనే ఇస్తోంది, 400 పైన ఎన్‌ఎంతో. కాలికీ చేతికీ పని ఉన్నప్పుడు మనసు రోడ్డు మీదే ఉంటుంది. నాకు అది సెకనులో పదో వంతుకన్నా విలువైనది.

గేర్‌శాస్త్రి
మూడోపెడల్ గారి మాటని కాదనను. కానీ మాన్యువల్ తీసుకునేవాళ్లు ఒక అలవాటు తప్పక మానుకోవాలి. ఆరో గేరులో 1,500 దగ్గర పోతూ, గేరు దించడానికి బద్ధకించి పెడల్ మొత్తం తొక్కడం. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలో ఆ ఆర్‌పీఎంలో అంత బరువు పెడితే, సిలిండర్‌లో చేరిన ఆయిల్, ఇంధనం చుక్కలు స్పార్క్ కంటే ముందే అంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. మామూలు నాక్ కాదది, ఒక్క దెబ్బకి పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోగలదు. నాక్ సెన్సర్ వినేసరికే జరగాల్సింది జరిగిపోతుంది. ఆటోమేటిక్ ఈ సందర్భంలో తనే రెండు గేర్లు దిగుతుంది. మాన్యువల్‌లో ఆ పని మీది. 2,500 లోపల ఉంటే ముందు గేరు దించి, తర్వాత తొక్కండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఉండాలి. 2020లో వచ్చిన ఆ ప్రమాణంలో ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష కూడా ఉంది. స్టేజ్ 1 మ్యాప్ రాయించేటప్పుడు 2,000 లోపు టార్క్‌ని పెంచొద్దని ట్యూనర్‌కి గట్టిగా చెప్పండి.

వేగుచుక్క
ఇప్పుడు స్పష్టత వచ్చింది. ట్రాఫిక్ ఎక్కువ, ట్రాక్ తక్కువ, టార్క్ 450. నా వాడకానికి 8 గేర్ల ఆటో వైపే మొగ్గుతున్నాను. వాడిన కారు చూడబోతున్నాను. టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

కన్వర్టర్‌భక్త
ముందు రోజు నుంచీ నడపని చల్లటి కారునే అడగండి. స్టార్ట్ చేసి, బ్రేకు మీద ఉండి రివర్స్, డ్రైవ్ మధ్య మార్చండి. ఒకటిన్నర సెకనుకి మించి ఆలస్యమైనా, దడేల్‌మన్నా అనుమానించాలి. తర్వాత మెల్లగా నడుపుతూ, నాలుగైదు గేర్లలో 1,300–1,600 మధ్య తేలిగ్గా లాగించండి. గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సన్నటి వణుకు వస్తే లాకప్ క్లచ్ జారుతోంది. ఒక్కోసారి నూనె మార్పుతోనే పోతుంది, పోకపోతే కన్వర్టర్ దింపాలి. 20 నిమిషాల తర్వాత బాగా వేడెక్కాక ఫుల్ త్రాటిల్‌లో రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు గేర్లు చూడండి. గేర్ల మధ్య ముల్లు పైకి లేవకూడదు.

నూనెమరక
స్కానర్ తీసుకెళ్లండి. గేర్‌బాక్స్ కోడ్‌లతో పాటు అడాప్టేషన్ విలువలు (అరుగుదలకి తగ్గట్టు గేర్‌బాక్స్ నేర్చుకున్న సర్దుబాట్లు) కూడా చూడండి. అవి ఈ మధ్యే సున్నాకి రీసెట్ చేసి ఉంటే ఎందుకు చేశారో అడగండి. నూనె మార్చామని చెప్తే బిల్లు మీద కిలోమీటర్లు చూసుకోండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, కొన్న వారంలోనే పాన్ దించండి. పాత పాన్‌లో అయస్కాంతాలు తీసి తుడిచి చూడండి. బూడిదరంగు మెత్తటి పేస్ట్ ఉంటే మామూలే. వేళ్లకి గుచ్చుకునే పలుకులు ఉంటే స్టేజ్ 1 మాట పక్కనపెట్టి ముందు బాక్స్ సంగతి చూడాలి.